అవ్వ నేర్పిన స్పానిష్

పోయిన మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అవ్వ కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మా అత్తమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి, ఇంకేమీ చెప్పలేక పక్కనున్నవాళ్లకు ఫోన్ ఇచ్చేసింది. అవ్వ చాయ్ పెట్టి, గ్లాసులో పోసుకుని, తాగకుండానే గుండె పట్టుకుని కూర్చుందట. ఆటో గల్లీలోకి వచ్చేసరికే అయిపోయింది. నేనప్పుడు ఒక పిల్లకు జడలు వేస్తున్నాను. ఒకటి అయింది, రెండోది సగంలో ఉంది. ఫోన్ పక్కన పెట్టి ఆ రెండోది కూడా అల్లాను. రిబ్బన్ ముడి మాత్రం ఎంతకీ పడలేదు.

సూరత్‌లో తల్లిదండ్రులు లేని పిల్లలను చూసుకునే ఆశ్రమం ఒకదానిలో నేను పనిచేస్తాను. అవ్వ అక్కడ వంట చేసేది. నాకు చుట్టం కాదు. నవాగామ్‌లో ఒక్క గదిలో కొడుకూ కోడలితో ఉండేది, రోజూ పొద్దున్నే నడిచి వచ్చేది. గుజరాతీ పిల్లలు, ఒడియా పిల్లలు, మన పిల్లలు, అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లు. నేనూ అంతే. రిజిస్టర్‌లో ఆమెకు ఒక పేరు ఉంది గానీ, పేరు పెట్టి పిలిచినా ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆమెకు వినపడదు.

పెళ్లయిన ఏడాదే సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చింది అవ్వ. భర్త సాంచాలు నడిపేవాడు, అంటే పవర్‌లూమ్స్. ఆమె అదే ఖాతాలో నూలు కండెలు చుట్టేది. ఖాతా అంటే సాంచాలుండే షెడ్డు. అందులో ఒక్కసారి అడుగు పెట్టినవాళ్లకు తెలుసు, పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. అసలు గొంతే తియ్యరు. నోరు మాత్రం పెద్దగా కదిపి, చేతులతో సైగలు కలిపి మాట్లాడుకుంటారు. మా నాన్నదీ అదే పని. ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని కూడా గొంతు లేకుండా పెదవులు కదిపి పచ్చడి అడిగేవాడు. "ఖాతాల ఉన్నవా, ఇంట్ల ఉన్నవా?" అని మా అమ్మ నవ్వేది.

ముప్పై ఏళ్లలో ఆ సప్పుడు అవ్వ చెవులను తినేసింది. కానీ పెదవులు చూసి ఆమె పట్టుకోలేని మాట లేదు. ఆఫీసు గది అద్దం వెనక మేమేం మాట్లాడుకున్నా వంటింటి గుమ్మంలో నిలబడి తెలుసుకునేది. "మొకం జూడు బిడ్డా, మాట గాడనే ఉంటది" అనేది. ఆమె ఎదురుగా చాడీలు చెప్పుకోవడం మా ఆశ్రమంలో ఎవరివల్లా కాలేదు.

నేను పిరికిదాన్ని. వినయం కొద్దీ అనడం లేదు, నిజంగానే. ఫోన్ మోగితే ముందు గుండె ఆగి, ఆ తర్వాత చెయ్యి కదులుతుంది. ఏ పిల్లకు జ్వరం వచ్చినా థర్మామీటర్ చూడకముందే నేను చివరిదాకా ఊహించేసుకుంటాను. అవ్వ నన్ను చూసి, "నీ బుగులుతోని పొయ్యి ఎలిగియ్యొచ్చు" అనేది. బుగులు అంటే మావైపు భయం. ఇక ముందు చెప్పబోయేదంతా ఆ బుగులు గురించే.

మూడేళ్ల కిందట సూరత్ శివారులోని ఉన్ వైపు నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు మా దగ్గరికి వచ్చారు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు. వాళ్ల పేర్లు రాయను, రాయకూడదు కూడా. మనవాళ్లే, సాంచాల పని చేసిన ఇంటి పిల్లలు. తల్లీ తండ్రీ లేరు, తీసుకుపోవడానికి చుట్టాలూ రాలేదు. పెద్దది ఎప్పుడూ చెల్లెలి గౌను అంచు పట్టుకునే ఉండేది, స్నానాల గదికి వెళ్లినా సరే. ఇద్దరినీ విడదీయకుండా కలిపి పెంచుకుంటామనే వాళ్లు ఇక్కడ దొరకలేదు. చివరికి స్పెయిన్‌లో ఒక జంట తీసుకుంటామన్నారు.

ఆ కాగితం వచ్చిన రోజు ఆఫీసులో అందరూ మిఠాయి తిన్నారు. నా ముక్క మాత్రం సొరుగులోనే ఉండిపోయింది.

మీరే ఆలోచించండి. ఐదేళ్ల పిల్లకు కడుపు నొప్పి వస్తుంది. ఇంటినిండా మంచివాళ్లే ఉన్నారు. కానీ నొప్పి అన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్ల ఏడుస్తుంది, వాళ్లు బొమ్మ ఇస్తారు. ఇంకా ఏడుస్తుంది, ఎత్తుకుని బయట తిప్పుతారు. అలా నాలుగు వారాలు గడిస్తే మొండిపిల్ల అంటారు. కుదురుకోలేదని పిల్లలను వెనక్కి పంపించేసిన సంగతులు ఈ పనిలో ఉన్నవాళ్లం అప్పుడప్పుడు వింటూ ఉంటాం. వెనక్కి వచ్చిన పిల్ల ముఖం నేనొకసారి చూశాను. దాని గురించి ఇక్కడ రాయలేను.

కోర్టు కాగితాలు అయ్యేసరికి ఏడెనిమిది నెలలు పడుతుందన్నారు. ఈలోగా పిల్లలకు కొంచెం స్పానిష్ నేర్పాలని నేను పట్టుబట్టాను. పట్టుబట్టడం తేలికే, చెప్పేవాళ్లేరీ? కోచింగ్ సెంటర్లన్నీ తిరిగాను. ఇంగ్లిష్ ఉంది, జర్మన్ ఉంది, కెనడా వెళ్లేవాళ్లకు ఫ్రెంచ్ ఉంది. స్పానిష్ అంటే ఒకచోట కౌంటర్‌లోని అమ్మాయి "ఏంటది, డాన్సా?" అంది. ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్న కాలేజీ పిల్ల ఒకతె రెండు ఆదివారాలు వచ్చి చెప్పింది. మూడో ఆదివారం నుంచి పరీక్షలన్నది, మళ్లీ రాలేదు. ఇక మిగిలింది నా ఫోన్. అందులో ఒక యాప్ వేశాను. పిల్లి పాలు తాగుతుంది, గుర్రం ఆపిల్ తింటుంది, ఇలాంటివి చెప్పిస్తుంది.

పిల్లలతో వంటింటి గట్టు మీద కూర్చుని నేను ఆ పిల్లిపాఠం చదివిస్తుంటే, అవ్వ చపాతీ పిండి చేతులతోనే వచ్చి నా ముందు నిలబడింది.

"ఏందది?"

ఆమెకు కనపడేలా పెదవులు తిప్పి చెప్పాను. "పిల్లి పాలు తాగుతుందట."

"పిల్లి పాలు దాగితే మనకేంది? బుగులైతాందని ఎట్లంటరో గది జూడు ముందు."

"ముందు నమస్తే నేర్చుకుంటారు అవ్వా. అందరూ అట్లనే మొదలుపెడతారు."

"నమస్తే అనకుంటే ఏమైతది? పిల్ల సిగ్గువడుతుందనుకుంటరు. బుగులైతాందని చెప్పరాకుంటే లోపల్లోపల్నే సచ్చిపోతది బిడ్డా."

అప్పుడే చెప్పింది తన సంగతి. ఖాతాలో చేరిన మొదటి నెలలో మెషిన్ పట్టాలో ఆమె కొంగు చిక్కుకుందట. పదహారేళ్ల పిల్ల. ఆపండని అరవడానికి హిందీ రాదు, గుజరాతీ రాదు. తెలుగులో అరిచింది, ఆ సప్పుడులో అది ఎవరికి వినపడుతుంది? ఎదురుగా పనిచేస్తున్న ఒడియా ఆమె తలెత్తి ఈమె ముఖం చూసి, పరుగెత్తుకెళ్లి మెయిన్ స్విచ్ బంద్ చేసిందట. "ఆమె మొకం జూసింది కావట్టి నేనున్న. ఈ పొల్లలకు గాడ మొకం జూసేటోళ్లు ఉంటరో లేదో" అంది అవ్వ. పిల్లలు దూరం వెళ్తున్నారని నాకొక్కదానికే భయం అనుకుంటున్నాను అప్పటిదాకా. ఆమెకు నాకంటే ఎక్కువ ఉంది. కాకపోతే ఆమె భయపడుతూ కూడా చపాతీలు చేయగలదు.

వెతికితే దొరికింది. తెంగో మియెదో. నాకు భయంగా ఉంది అని. ఒక స్పెయిన్ టీచరమ్మ కెమెరాకు దగ్గరగా కూర్చుని చెబుతున్న వీడియో అది. అవ్వ ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుని, కళ్లు చిట్లించి, ఆ పెదవులనే పదిసార్లు చూసింది. ఆ తర్వాత తను పెదవులు కదిపింది. అచ్చం ఆ టీచరమ్మ నోరే.

ఆ రోజు నుంచి స్పానిష్ బడి వంటింట్లోకి మారింది. నేను మాటలు వెతికి, అవ్వకు ఎలాగూ వినపడదని సౌండ్ తీసేసి వీడియో పెట్టడం, అవ్వ పెదవులు పట్టుకోవడం, పొయ్యి పక్కన నిలబెట్టి పిల్లలకు నేర్పడం. నీళ్లు కావాలంటే ఆగ్వా. అన్నమంటే అర్రోస్. నొప్పంటే మె దుఎలె, చెయ్యి ఎక్కడ పెడితే అక్కడ. వద్దు అనడానికి నో కియెరో. ఈ చివరిది నాకు నచ్చలేదు. కొత్తగా వెళ్లిన ఇంట్లో పిల్లలు వద్దు వద్దంటే బాగుంటుందా అన్నాను. "మంచోళ్లకైనా వద్దని జెప్పరావాలె" అంది అవ్వ. పెదవులు సరిగ్గా తిప్పిన పిల్లకు కాలిన చపాతీ ముక్క మీద బెల్లం దొరికేది. చిన్నది బెల్లం కోసం రోజుకు ఇరవైసార్లు భయపడేది.

నేను పక్కన కూరగాయలు తరుగుతూ చూసేదాన్ని. ముగ్గురూ ఎదురెదురుగా నిలబడి నోళ్లు కదుపుతూ ఉంటారు, ఒక్కరికీ గొంతు లేదు. వంటిల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు హాయిగానే ఉండేది. అందులో తప్పేమైనా ఉందని ఒక్కరోజు కూడా తట్టలేదు. అలాంటి ఇంట్లోనే పెరిగాను మరి.

నాలుగు నెలల తర్వాత మొదటి వీడియో కాల్ పెట్టారు. స్పెయిన్ నుంచి ఆ భార్యాభర్తలు, మధ్యలో ఢిల్లీ నుంచి మాటలు తర్జుమా చేసే ఆయన. పిల్లలకు ఒకేలాంటి గౌన్లు వేసి కూర్చోబెట్టాను. పెద్దది చెల్లెలి గౌను అంచు పట్టుకుని, తల ఎత్తి, నేర్చుకున్నవన్నీ వరసగా చెప్పింది. నీళ్లు, అన్నం, నొప్పి, వద్దు, భయం. పెదవులు ఒక్కచోట తడబడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆవాజ్ రావడం లేదు, మైక్ చూడండి" అన్నాడు ఢిల్లీ ఆయన.

మైక్ బాగానే ఉంది. నేను మాట్లాడితే వినపడింది. పిల్లలు మాట్లాడితే వినపడదు. చిన్నది తన వంతు వచ్చిందని ముందుపళ్లు ఊడిన నోరు పెద్దగా తెరిచి మళ్లీ మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా. అప్పుడు నాకు తల మీద నీళ్లు కుమ్మరించినట్టయింది. పిల్లలకు స్పానిష్ అంటే గొంతు తియ్యకుండా మాట్లాడే భాష. అవ్వ ఎలా నేర్పిందో అలాగే నేర్చుకున్నారు. తెరమీద ఆ స్పెయిన్ ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖంలో రంగు లేదు.

మూడు రోజులకు ఉత్తరం వచ్చింది. పిల్లలకు చెవులు, గొంతు పరీక్ష చేయించమన్నారు. మెడికల్ రిపోర్టులో రాయని సంగతి ఏమైనా ఉందా అని మర్యాదగానే అడిగారు. జరిగింది వివరంగా రాసి పంపాను. సాంచాలు, సప్పుడు, చెవిటి వంటావిడ. రాస్తున్న నాకే కట్టుకథలా అనిపించింది. వాళ్లు నమ్ముతారని ఎలా అనుకోను? పరీక్షల ఫలితం వచ్చేదాకా పదిహేను రోజులు నాకు అన్నం సహించలేదు. తప్పు నాది. విని చూడాల్సినదాన్ని నేను, నాకు చెవులున్నాయి.

అవ్వకు చెప్పకూడదనుకున్నాను గానీ, ఆమె నా పెదవుల మీద అంతా చదివేసింది.

"నా చెవిటితనం పొల్లలకు అంటిచ్చిన్నా?" అంది.

రెండు రోజులు పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. చిన్నది గుమ్మంలో నిలబడి, ఆగ్వా, అర్రోస్ అని పెదవులు కదిపి పిలుస్తుంటే చూడకుండా ఉండడానికి గోడవైపు తిరిగి పిండి కలిపింది. అవ్వ చూడకపోతే ఆ పిల్ల మాట ఎక్కడికీ చేరదు. ఆ రెండు రోజులు అవ్వ పిరికిదైపోయింది. ఆమెను అలా చూస్తే నాకు ఉత్తరం కంటే ఎక్కువ భయం వేసింది.

మూడో రోజు పొద్దున మిక్సీ వేస్తూ, దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. వినపడదు కాబట్టి తిరుగుతుందో లేదో ఎప్పుడూ అలాగే చూసుకునేది. ఉన్నట్టుండి మిక్సీ ఆపి పిల్లలిద్దరినీ పిలిచింది. పెద్దదాని గొంతు మీద తన అరచెయ్యి పెట్టింది. పిల్ల చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది.

"సాంచా నడుస్తాందా లేదా నేను సెవితోని ఎన్నడు జూడలే. చెయ్యి వెట్టి జూసేది. అదురుతాంటే నడుస్తాన్నట్టు. అను ఇగ."

పిల్ల పెదవులు కదిపింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. మళ్లీ. మళ్లీ అడ్డంగానే. ఎన్నోసారికో గొంతు వచ్చింది, చిన్నగా, బొంగురుగా. తెంగో మియెదో. అవ్వకు వినపడలేదు. కానీ అరచేతికి తగిలినట్టుంది, రెండో చేత్తో పిల్ల తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆనాటి నుంచి బెల్లం పెదవులకు కాదు, అదురుకు.

పరీక్షల్లో ఏ లోపమూ తేలలేదు, పిల్లలు బాగానే ఉన్నారు. రెండో కాల్ పెట్టారు. ఈసారి అవ్వ నా పక్కనే కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. పెద్దది ముందుగా తన గొంతు మీద తనే చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత గట్టిగా, గది దద్దరిల్లేలా అంది, తెంగో మియెదో అని.

ఆ స్పెయిన్ ఆమె ఈసారీ భర్త చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత నెమ్మదిగా తన చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. "యో తాంబియెన్" అంది. ఆ మాట మేం నేర్చుకోలేదు.

"ఏమంటాంది?" అని అవ్వ నా భుజం కుదిపింది. ఢిల్లీ ఆయన చెప్పాడు, నేను అవ్వకు పెదవులతో చెప్పాను. నాకూ, అని.

"ఆమెకు గూడ బుగులైతాందట" అంది అవ్వ, గదిలో అందరికీ చెబుతున్నట్టు. "ఇగ పంపొచ్చు."

వాళ్లు వచ్చి పిల్లలను తీసుకుపోయిన రోజు అవ్వ గేటు దాకా రాలేదు. దారికి చపాతీలు చేస్తున్నానంది. డబ్బా నిండిపోయింది, అవ్వ ఇంకా చేస్తూనే ఉంది. కారు వెళ్లిపోయాక నేను వంటింట్లోకి వెళ్తే పళ్లెంలో చపాతీలు గుట్టగా ఉన్నాయి.

రెండేళ్లయింది. ఫొటోలు పంపుతారు, ఏడాదికి మూడు నాలుగు సార్లు వీడియోలో మాట్లాడతారు. పిల్లలు ఒళ్లు చేశారు, చిన్నదానికి ముందుపళ్లు వచ్చాయి. చిన్నదానికి తెలుగు పోయింది. పెద్దది కూడా ఈమధ్య నన్ను దీదీ అని పిలిచి, ఆ తర్వాతి మాట కోసం వెతుక్కుంటుంది. నాకు అది కూడా భయమే. అవ్వ మాత్రం, "పోనియ్ బిడ్డా. గా మాటలు ఇప్పుడు ఎవలతోని మాట్లాడాలె వాళ్లు?" అంది. మా ఇద్దరికీ ఆ ఇరవై స్పానిష్ మాటలు మిగిలాయి. ఉప్పు డబ్బా అందించేటప్పుడు, కూర వద్దనేటప్పుడు వాడుకునేవాళ్లం.

మీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. చెప్పకుండా తప్పించుకుందామనే చూశాను. పోయిన నెలలో ఒకరోజు అవ్వ పొయ్యి దగ్గర నిలబడి, నావైపు తిరిగి, తెంగో మియెదో అంది. గొంతు లేకుండా, పెదవులతోనే. పిల్లలు గుర్తొచ్చి ఉంటారనుకున్నాను. నవ్వి, యో తాంబియెన్ అన్నాను. ఆమె ఒక క్షణం నన్ను చూసి, పొయ్యివైపు తిరిగింది. మొకం జూడు అని పదకొండేళ్లు చెప్పిన మనిషి. ఆ ఒక్కరోజు నేను పెదవులు చూశాను గానీ ముఖం చూడలేదు. అప్పటికే ఛాతీలో నొప్పి ఉందేమో. నిజంగానే భయపడి చెప్పిందేమో. ఇక తెలిసే దారి లేదు.

అవ్వ పోయిన సంగతి పిల్లలకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? పోవడం అన్న మాటకు స్పానిష్ మేం నేర్చుకోలేదు. ఆ జంటకు రాశాను. ఆదివారం మేం చెబుతాం, మీరు కూడా ఎదురుగా ఉండండి అన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని వంటింటి గట్టు మీద కూర్చున్నాను. అక్కడ తండ్రి పిల్లల మధ్య కూర్చుని నెమ్మదిగా ఏదో చెప్పాడు. అందులో నాకు తెలిసిన మాట అవ్వ ఒక్కటే. చిన్నది ఆయన చొక్కాలో ముఖం దాచుకుంది. పెద్దది ఏడవలేదు. నన్నే చూస్తూ ఉంది.

కాసేపటికి దాని పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. వెనక నుంచి తల్లి వంగి, మాట ఆగిపోయిందనుకుని ఫోన్ సరిచేయబోయింది. ఏమీ ఆగలేదు. పెదవులు ఒకసారి మూసుకుని గుండ్రంగా తెరుచుకున్నాయి. తెలుగే అది, అవ్వ తెలుగు.

బుగులైతాందా?

లేదు అందామనుకున్నాను. పెద్దదాన్ని కదా, అలాగే అనాలి కదా. కానీ ఆ పిల్ల నా ముఖం చూస్తోంది. అవును అన్నాను. అన్నాననే అనుకున్నాను, గొంతు వచ్చిందో లేదో నాకు తెలియలేదు. దానికీ తెలియలేదు కాబోలు. చెయ్యి ఎత్తి ముందుకు చాపింది, అక్కడ దాని ఫోన్‌లో నా గొంతు ఉన్న చోట ఆనించింది. ఇక్కడ నా తెర నిండా ఆ పిల్ల అరచెయ్యే. అదురు తగిలేదాకా తియ్యనన్నట్టు కదలకుండా అలాగే ఉంది.